సైన్సు, మతం, తత్త్వం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకొచ్చేవాళ్లు, ఆంధ్రా యూనివర్సిటీ పిల్లలు, మా వీధిలో పెద్దవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ఫిజిక్సు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. సాయంత్రం ఇంట్లో దీపం పెట్టే అలవాటూ ఉంది. అందుకే రెండు పక్షాలవాళ్లూ నన్ను నిలదీస్తుంటారు.

సైన్సుకీ, మతానికీ, తత్త్వానికీ తేడా ఏమిటి? పుస్తకాల భాషలో కాకుండా చెప్పండి మాష్టారూ.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. మధ్యాహ్నానికి హుద్‌హుద్ తుపాను మన నెత్తి మీదే తీరం దాటింది. వాయుగుండం ఎక్కడ పుట్టింది, ఎటు తిరుగుతోంది, ఎక్కడ తీరం దాటుతుంది అన్నది వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. సముద్రం వేడి, గాలి ఒత్తిడి, ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని వేసిన లెక్క అది. అది సైన్సు.

గాలి ఆగిన మర్నాడు, ఇంటి పైకప్పు ఎగిరిపోయిన మనిషి "మాకే ఎందుకు స్వామీ ఇలా" అన్నాడు. ఆయనకి ఉపగ్రహ చిత్రం చూపిస్తే అది జవాబవుతుందా? తుపాను ఎలా పుడుతుందని ఆయన అడగలేదు. ఎవరికి మొరపెట్టుకోవాలి, ఈ నష్టం తర్వాత ఏ ధైర్యంతో లేచి నిలబడాలి అని అడిగాడు. అక్కడ మాట్లాడేది మతం.

ఇంకొకాయన ఉంటాడు. "తుపానుకి కారణం వేడెక్కిన సముద్రం అన్నారు. దానికి కారణం ఇంకోటి చెబుతారు. ఇలా ఎంతదాకా పోతాం? మొదటి కారణమంటూ ఒకటి ఉంటుందా? నియమాల ప్రకారం నడిచే ప్రకృతిలో దేవుడు వేలు పెట్టగలడా?" అంటాడు. ఇది తత్త్వం. కాలేజీ పిల్లలు మెటాఫిజిక్స్ అనేది దీన్నే.

తుపాను ఒకటే, ప్రశ్నలు మూడు రకాలు. ఏది చూపిస్తే మనం మన మాట మార్చుకుంటాం అన్నదాన్ని బట్టి ఇవి వేరవుతాయి. అంచనా తప్పితే సైన్సు లెక్క మార్చుకోవాలి. వాదనలో లొసుగు బయటపడితే తత్త్వవేత్త మాట మార్చుకోవాలి. మతంలో మార్పు ఎక్కువగా బతుకులోంచి వస్తుంది. చావు చూసి, ప్రేమ చూసి, ఒక గురువు మాట విని మనిషి మారతాడు. ఒకదాని కొలతబద్ద పట్టుకెళ్లి ఇంకోదాన్ని కొలిస్తేనే తగువంతా. నేను చెప్పదల్చుకున్నది ఇదే, కింది జవాబులన్నీ దీన్ని ఆధారం చేసుకునే రాశాను.

తత్త్వమంటే వేదాంతమేగా?

వేదాంతం అందులో ఒక భాగం. దేవుడూ లేడు, పరలోకమూ లేదన్న చార్వాకులదీ తత్త్వమే. ప్రాచీన సాంఖ్యం సృష్టికర్త ఊసెత్తకుండానే ప్రపంచాన్ని వివరించింది. వేదమే పరమ ప్రమాణమన్న మీమాంసకులు కూడా లోకాన్ని ఒకరు సృష్టించారని ఒప్పుకోలేదు. కాబట్టి "తత్త్వం మాట్లాడుతున్నాడంటే భక్తుడే" అనుకోనక్కర్లేదు. కాలమంటే ఏమిటి, అంకెలు నిజంగా ఉన్నాయా, పదేళ్ల కిందటి నేనూ ఇప్పటి నేనూ ఒక్కరేనా అన్నవి నాస్తికుడికీ తప్పని ప్రశ్నలు.

సైన్సు చదువుకున్నవాడికి ఈ తత్త్వంతో పనేముంది?

మన పోర్టుకి ఓడలు పోటూ పాటూ పట్టిక చూసుకునే వస్తాయి. వచ్చే ఏడాది ఫలానా తేదీన ఎన్నింటికి నీటిమట్టం ఎంత ఉంటుందో అందులో ముందే వేస్తారు. చంద్రుడు, సూర్యుడు ఇన్నాళ్లూ లాగినట్టే రేపూ సముద్రాన్ని లాగుతారన్న నమ్మకం మీద ఆ పట్టిక నిలబడింది. ఆ నమ్మకానికి రుజువేమిటి? "ఇన్నాళ్లూ అలాగే జరిగింది కాబట్టి" అంటే, రుజువు చెయ్యాల్సినదాన్నే రుజువుగా చూపిస్తున్నట్టు.

18వ శతాబ్దంలో స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఈ చిక్కు ఎత్తి చూపాడని పాఠాల్లో చదువుతాం. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చార్వాకులు ఇదే అడిగారు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందంటున్నావు, అన్ని చోట్లూ, అన్ని కాలాలూ చూశావా అని నైయాయికుల్ని, అంటే న్యాయదర్శనం చెప్పే తర్కవాదుల్ని, నిలదీశారు. నైయాయికులు వదల్లేదు. అనుమానం (ఇక్కడ సందేహం కాదు, పొగని చూసి నిప్పుందని తేల్చడం లాంటిది) అంటే ఏమిటి, ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అని వందల ఏళ్లపాటు పట్టుబట్టి తేల్చారు. ప్రపంచం నియమబద్ధంగా ఉంటుంది, అది మన బుద్ధికి అందుతుంది అన్న రెండు మాటలూ ప్రయోగశాలలో రుజువయ్యేవి కావు. ఆ రెండూ లేకుండా ప్రయోగశాల తలుపే తెరవలేం.

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకడం మహిమా, సైన్సా?

అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. కొంచెం ఓపిగ్గా చూద్దాం.

ఏటా రెండుసార్లు, మార్చి 10 చుట్టుపక్కలా, అక్టోబరు 2 చుట్టుపక్కలా, వాతావరణం అనుకూలిస్తే ఉదయపు కిరణాలు గర్భగుడిలోకి వచ్చి సూర్యనారాయణమూర్తి పాదాలు తాకుతాయి. ఆ రెండు తేదీలే ఎందుకు? మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 22 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మార్చి 10 అంటే మొదటిదానికి పది రోజుల ముందు, అక్టోబరు 2 అంటే రెండోదానికి పది రోజుల తర్వాత. ఆ రెండు రోజుల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకి దాదాపు 4 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. ఆకాశంలో ఒకే దారి, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. గుడి ఆ దారికి ఎదురుగా ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లే. కావాలంటే పంచాంగంలో సూర్యుడి క్రాంతి, అంటే భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీల ఎడంలో ఉన్నాడన్నది, చూసుకోండి.

ఈ లెక్క చెప్పాక ఒక పెద్దావిడ "అయితే మహిమ లేనట్టేనా నాయనా" అని అడిగారు. ఆవిడకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. కిరణాలు ఎందుకు పడతాయన్నది తేలిపోయింది, అందులో దాపరికం లేదు. ఆ రోజు తెల్లవారుజామున క్యూలో నిలబడి, ఆ వెలుగు కంటపడగానే చేతులు వాటంతటవే జోడించుకున్న క్షణం ఆవిడది. దాన్ని ఈ లెక్క కొట్టెయ్యదు, బలపరచదు కూడా. కాకపోతే "ఇది ఎవరికీ అంతుపట్టని వింత" అని ప్రచారం చేసేవాళ్లు మాత్రం ఆ గుడి కట్టిన స్థపతుల ప్రతిభని తక్కువ చేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

మన గ్రంథాల్లో ఆధునిక సైన్సంతా ముందే ఉందంటారు. నిజమేనా?

వాట్సాప్‌లో తిరిగే ఒక ఉదాహరణే తీసుకుందాం. కల్పం 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు, చూశారా ఎంత దగ్గరో అంటారు. కలియుగం 4,32,000 ఏళ్లు. దానికి పదింతలు మహాయుగం. దానికి వెయ్యింతలు కల్పం. ఈ అంకె గుణకారాల్లోంచి వచ్చింది. రాళ్లలోని యురేనియం, సీసం పాళ్లు కొలిచి చెప్పింది కాదు. అదే లెక్కలో బ్రహ్మకి పగలూ రాత్రీ కలిపితే 864 కోట్ల ఏళ్లు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు. ఇక్కడ కుదరలేదు కాబట్టి ఈ మాట ఎవరూ ఎత్తరు. కుదిరినవి ఏరుకుని, కుదరనివి వదిలేస్తే ఏ గ్రంథంలోనైనా ఏదైనా దొరుకుతుంది.

అంతమాత్రాన మన పెద్దల్ని చులకన చెయ్యడం నాకు ఇష్టముండదు. కణాదుడు మొదలుపెట్టిన వైశేషిక దర్శనంవాళ్ల పరమాణువాదం చూడండి. కిటికీలోంచి పడే ఎండలో తేలే దుమ్ము రేణువే కంటికి కనిపించే అతి చిన్న వస్తువు, అది ఇంకా చిన్న అణువుల కలయిక అన్నారు. పదార్థాన్ని అంతం లేకుండా విడగొట్టుకుంటూ పోగలిగితే ఆవగింజకీ మేరుపర్వతానికీ తేడా ఉండదు, రెండిట్లోనూ భాగాలు అనంతమే అవుతాయి, కాబట్టి విభజన ఎక్కడో ఆగాలి. ఎంత పదునైన వాదన! అయితే అది తత్త్వం. 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టి, ఆ తర్వాత కొన్నేళ్లకి జాన్ పెరాన్ నీటిలో రేణువుల కదలిక కొలిచి అణువులున్నాయని తేల్చారు. అది సైన్సు. కణాదుడికి ఇవ్వాల్సిన గౌరవం తత్త్వవేత్తగా ఇద్దాం. చెయ్యని ప్రయోగాన్ని ఆయన పేరున రాయడం గౌరవం కాదు.

శంకరాచార్యులవారి మాట ఒకటుంది, గీతాభాష్యం పద్దెనిమిదో అధ్యాయంలో. నిప్పు చల్లగా ఉంటుంది, వెలుగివ్వదు అని వంద శ్రుతులు (వేదవాక్యాలు) చెప్పినా అవి ప్రమాణం కావు అన్నారు. కంటికి కనిపించేవాటి గురించి చెప్పడం శ్రుతి పని కాదని ఆయన ఉద్దేశం. వేదాన్ని అంతగా నమ్మిన మనిషే ఈ హద్దు గీశారు. వేదంలో విమానాలు వెతికేవాళ్లు ఈ ఒక్క వాక్యం చదివితే చాలు.

గ్రహణం రోజు తినొచ్చా? గర్భిణులు బయటికి రావచ్చా?

తినొచ్చు. రావచ్చు. గ్రహణంలో సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ రావు. అన్నం విషం కాదు, కడుపులో బిడ్డకి ఏమీ కాదు. షుగరు ఉన్నవాళ్లని, గర్భిణుల్ని గంటల తరబడి పస్తు పెట్టడమే ప్రమాదం. సూర్యుణ్ణి నేరుగా చూస్తే మాత్రం కళ్లు పోతాయి. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు పనికిరావు, గ్రహణం కోసమే చేసిన కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఇష్టపడి ఉపవాసం ఉండేవాళ్లు ఉండండి, స్నానం చేసి జపం చేసుకోండి. అది మీ వ్రతం. దానికి "సైంటిఫిక్ కారణాలు" తగిలించకండి.

రాహువు మింగడం సంగతంటారా, గ్రహణం నీడల వల్లే అని ఆర్యభటుడు 499 నాటికే రాశాడు. పంచాంగకర్తలు రాహుకేతువుల్ని చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులుగానే లెక్కిస్తారు. గ్రహణం పట్టు, విడుపు నిమిషాలతో సహా చెప్పగలిగేది అందుకే. గ్రహణానికి గుళ్లన్నీ మూసినా శ్రీకాళహస్తి తెరిచే ఉంటుంది. అంటే ఆచారంలో కూడా ఒకే మాట లేదు.

ఈ విషయంలో మన ప్రాంతానికి పెద్ద చరిత్రే ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్సు నుంచి ఖగోళశాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆనాటి వర్ణపటంలో కనిపించిన పసుపు గీతే హీలియం అనే మూలకానికి దారి చూపింది. అది భూమ్మీద దొరికింది 1895లో. అంతకంటే ముందే, 1840లో, మన డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపించి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. డాబాగార్డెన్స్ సెంటర్లో రోజూ సిగ్నల్ దగ్గర ఆగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? బడిపిల్లలకి చెప్పాల్సిన కథ ఇది.

సంక్రాంతితో ఉత్తరాయణం మొదలవుతుందంటారు. సైన్సు ప్రకారం డిసెంబరులో కదా?

అవును, సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగుతూ దాదాపు 72 ఏళ్లకి ఒక డిగ్రీ జరుగుతుంది. సుమారు 1700 ఏళ్ల కిందట మకర సంక్రమణం, ఉత్తరాయణం ఒకే రోజు వచ్చేవి. ఇప్పుడు 24 డిగ్రీల, అంటే దాదాపు 24 రోజుల, తేడా వచ్చింది. పండగ మానక్కర్లేదు.

సన్యాసి సైంటిస్టు కాగలడా?

అయ్యారు. మన యూనివర్సిటీలోనే. స్వామి జ్ఞానానంద 1896లో పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టారు. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. ఇల్లొదిలి హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. తర్వాత యూరప్ వెళ్లి యోగం మీద ఉపన్యాసాలిస్తూనే ఫిజిక్సులో పడ్డారు. ప్రేగ్‌లో ఎక్స్‌రేల మీద పరిశోధన, లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనుగొన్న చాడ్విక్ దగ్గర పని, ఆపైన అమెరికాలో మిచిగన్. తిరిగొచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్సు విభాగం నెలకొల్పారు. 1969లో కన్నుమూశారు. అక్కడి అణుపరిశోధన ల్యాబులకి ఆయన పేరే ఉంది.

నన్ను కదిలించే సంగతేమిటంటే, ఆయన పరిశోధనా వ్యాసంలో లెక్క తప్పయితే "నేను సమాధిలో చూశాను" అంటే కుదరదు. ఆ పని ఆయన చెయ్యలేదు. కాషాయం విప్పకుండానే, ప్రయోగశాలలో మిగతా అందరూ పాటించే నియమాలే పాటించారు.

బెల్జియంలో జార్జి లెమైటర్ కూడా ఇలాంటివాడే. క్రైస్తవ మతాచార్యుడు. విశ్వం విస్తరిస్తోందని 1927లో రాశాడు. 1931లో అదంతా ఒక ఆదిమ అణువులోంచి వచ్చిందన్నాడు. 1951లో పోప్ ఈ సిద్ధాంతం సృష్టివాదాన్ని బలపరుస్తోందన్నట్టు మాట్లాడితే లెమైటర్‌కి నచ్చలేదు. రేపు సిద్ధాంతం మారితే దేవుణ్ణీ మార్చుకోవాలా?

రామానుజన్‌కి సూత్రాలు నామగిరి అమ్మవారు చెప్పిందట కదా?

ఆయన అలాగే చెప్పుకునేవారు, నమ్మారు కూడా. సూత్రం ఎక్కడి నుంచి తట్టిందన్నది ఒక ప్రశ్న, అది నిజమా కాదా అన్నది ఇంకో ప్రశ్న. ఇంగ్లండులో గణితవేత్త హార్డీ రుజువు అడిగాడు. రామానుజన్ పంపిన సూత్రాల్లో చాలావాటికి రుజువులు దొరికాయి, కొన్ని తప్పని తేలాయి.

క్వాంటం ఫిజిక్సు అద్వైతాన్ని నిరూపించిందా?

లేదు. "చూసేవాడు చూస్తేనే వస్తువు ఉంటుంది" అని చెబుతున్నారు గానీ, అక్కడ చూడటమంటే కొలవడం. గదిలో మనిషి లేకపోయినా యంత్రం కొలుస్తుంది, ఫలితం వస్తుంది.

అసలు ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. క్వాంటం సమీకరణాలు ఒకటే. వాటి వెనక వాస్తవం ఎలా ఉందన్న దానికి బోర్ బృందం ఒకటి చెప్పింది, 1952లో బోమ్ ఇంకోటి, 1957లో ఎవరెట్ మరోటి చెప్పారు. ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాలు వీటిలో ఒకదాన్ని ఎంచి మిగతావాటిని కొట్టెయ్యలేకపోయాయి. ఫిజిక్సు తన పని తాను చేసి, ఇక్కడ తత్త్వానికి కుర్చీ వేసింది. అద్వైతులూ వచ్చి కూర్చోవచ్చు. వాదించాలి, అంతే. ఫిజిక్సు వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పదు.

మొక్కుకున్నాను, జబ్బు తగ్గింది. ఇది రుజువు కాదా?

మీకు తగ్గినందుకు సంతోషం. సింహాచలం మెట్లెక్కి మొక్కు తీర్చుకోండి. రుజువు మాట వస్తే, మొక్కుకున్నా తగ్గనివాళ్లని, మొక్కుకోకుండా తగ్గినవాళ్లని కూడా లెక్కలో వెయ్యాలి. అమెరికాలో గుండె బైపాస్ చేయించుకున్న 1802 మంది మీద జరిగిన అధ్యయనం 2006లో వచ్చింది. ఇతరులు తమకోసం ప్రార్థించడం వల్ల వాళ్లకి ఆపరేషన్ తర్వాతి చిక్కులు తగ్గినట్టు అందులో తేలలేదు.

నా ఉద్దేశంలో ఆ అధ్యయనం ప్రార్థనని మాత్రతో సమానంగా చూసింది. భక్తుడికి ప్రార్థన మాత్ర కాదు. అలాగని తగ్గినప్పుడు మాత్రం "చూశారా, పనిచేసింది" అనే హక్కు కూడా మనకుండదు. రెండు నాలుకలతో మాట్లాడకూడదు. దయచేసి మందు మాత్రం ఆపొద్దు. తాయెత్తు కట్టించి ఫిట్స్ మాత్రలు మానిపించినవాళ్లని చూశాను. అది భక్తి కాదు, ఆ పిల్లవాడికి చేసిన అన్యాయం.

ఆత్మ ఉందా? చచ్చాక ఏమవుతుంది?

మెదడు దెబ్బతింటే జ్ఞాపకం, మాట, స్వభావం కూడా మారిపోతాయని వైద్యం చూపించింది. ఇది గట్టి సాక్ష్యం, ఆత్మ గురించి మాట్లాడేవాళ్లు దీన్ని దాటేసి వెళ్లకూడదు. అలాగే, నాడీకణాల్లో విద్యుత్తు పారితే లోపల "నాకు నొప్పిగా ఉంది" అన్న అనుభవం ఎందుకు కలగాలి అన్నది ఎవరూ తేల్చలేదు. దీన్నే చైతన్యం గురించిన కఠిన సమస్య అంటారు. డేవిడ్ చామర్స్ 1995లో పెట్టిన పేరు.

భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కండి. రాతిలో తొలిచిన నీటి తొట్లు, విహారాల పునాదులు, ఎదురుగా సముద్రం. రెండు వేల ఏళ్ల కిందట అక్కడున్న భిక్షువులు చదువుకున్న బోధలో ఒక సంగతుంది. లోకం శాశ్వతమా కాదా, దేహమూ జీవమూ ఒకటేనా, తథాగతుడు (బుద్ధుడు) మరణానంతరం ఉంటాడా అని మాలుంక్యపుత్రుడనే శిష్యుడు బుద్ధుణ్ణి పట్టుబట్టి అడుగుతాడు. విషపు బాణం తగిలినవాడు, బాణం వేసినవాడి కులమేమిటి, ఊరేమిటి, విల్లు దేనితో చేశారు అని తెలిసేదాకా బాణం తియ్యనివ్వనంటే చచ్చిపోతాడు అని బుద్ధుడు జవాబిస్తాడు. అడిగిన ప్రశ్నలకి మాత్రం జవాబివ్వడు. తత్త్వప్రశ్నకి జవాబు లేకపోయినా దుఃఖం తగ్గించుకునే దారి ఉండొచ్చని ఆయన చెప్పిన ఈ మాట నాకు చాలా విలువైనది. నేను ఆ ప్రశ్నలు అడగడం మానలేదనుకోండి.

అయితే సైన్సు దారి సైన్సుది, మతం దారి మతానిది అనుకుంటే గొడవ ఉండదుగా?

జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1997లో ఇంచుమించు అదే అన్నాడు. వినడానికి హాయిగా ఉంటుంది. నేను ఒప్పుకోను. మతాలు లోకం గురించి కూడా చాలా చెబుతాయి. భూమి కదలదన్నారు, 1633లో గెలీలియోని శిక్షించారు. జీవజాతులన్నీ ఇప్పుడున్నట్టే పుట్టాయన్నారు, 1859లో డార్విన్ కాదని చూపించాడు. మన దగ్గర, పుట్టుకతో ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అన్నారు. నెలసరి అంటు అన్నారు. వీటికి జీవశాస్త్రంలో ఆధారం ఏమాత్రం లేదు. ఇలాంటిచోట "రెండూ వేరే దారులు" అని తప్పుకుంటే నష్టపోయేది ఆ మాటల కింద నలిగినవాళ్లు. అక్కడ మతం సర్దుకోవాల్సిందే. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో 51ఎ అధికరణలో చేర్చుకున్నాం కూడా.

అటువైపు నుంచీ హద్దు దాటేవాళ్లున్నారు. "ఈ విశ్వానికి అర్థం లేదని సైన్సు రుజువు చేసింది" అంటారు. అర్థాన్ని కొలిచే యంత్రం ఏ ల్యాబులో ఉంది? అది వాళ్ల తత్త్వం. ఉండొచ్చు, వాదించి నిలబెట్టుకోవాలి.

చదువుకున్నవాళ్లు కూడా రెండూ పట్టుకు వేళ్లాడతారెందుకు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అది అయిపోయేటప్పుడు ఫిషింగ్ హార్బరుకి వెళ్లి చూడండి. బోటు ముందు భాగానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, పూలదండ. గంగమ్మకి కొబ్బరికాయ కొడతారు. లోపల డ్రైవరు ముందు జీపీఎస్ తెర, పక్కన వైర్లెస్. చేపలు ఎక్కువగా ఎక్కడ దొరుకుతాయో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు వేడి, నీటి రంగు చూసి చెబుతుంది. ఆ సమాచారం తీసుకునే వెళతారు. తుపాను హెచ్చరిక వస్తే, గంగమ్మకి మొక్కాం కదా అని బయల్దేరరు. ఏ పనికి ఏది కావాలో వాళ్లకి తెలుసు. అందులో వైరుధ్యం నాకు కనిపించలేదు.

పిల్లలు "దేవుడు ఉన్నాడా" అని అడిగితే ఏం చెప్పాలి?

మీరు నమ్మేది చెప్పండి, "నేను నమ్ముతాను" అనో "నమ్మను" అనో. "సైన్సు నిరూపించింది" అని మాత్రం, ఎటువైపైనా, అనకండి. తర్వాత "నువ్వేమనుకుంటున్నావ్?" అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి.

ఇంకా తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆంధ్రా యూనివర్సిటీలో తత్త్వశాస్త్ర విభాగం ఉంది. 1931 నుంచి 1936 దాకా ఇక్కడ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ భారతీయ దర్శనాల మీద రాసింది కష్టమైనా చదవదగ్గది. ముందు న్యాయం, చార్వాకం గురించి చదవండి, తర్వాత వేదాంతంలోకి వెళ్లండి. ఎదుటివాడి అభ్యంతరం తెలియకుండా సిద్ధాంతం చదివితే సగమే అర్థమవుతుంది. ఫిజిక్సు పిల్లలు హ్యూమ్‌ని, తెలుగు, సంస్కృతం పిల్లలు గెలీలియోని చదివితే మంచిది. తొట్లకొండకి మధ్యాహ్నం వెళ్లకండి, ఎండ భరించలేరు.